నాన్న రిటైర్మెంటుకి జపాన్ బొమ్మ రైలు: ఫార్వర్డర్ ద్వారా తెప్పించినవాళ్లు ఉన్నారా?

కాజీపేట అమ్మాయి:
మా నాన్నగారు లోకో పైలట్. ఈ ఆగస్టు నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. ముప్పై ఏళ్ల పైగా గూడ్సు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అన్నీ నడిపారు, డ్యూటీకి తీసుకెళ్లే ఆయన పెట్టె, లైన్ బాక్సు, ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉంటుంది, ఊడ్చేటప్పుడు కాస్త జరిపినా ఊరుకోరు. ఆయనకి జపాన్ మొదటి బుల్లెట్ రైలంటే పిచ్చి. 1964లో టోక్యో, ఒసాకాల మధ్య మొదలైందే, తెల్లటి ఒంటి మీద నీలం పట్టీ, జీరో సిరీస్ అంటారు. నాన్న మాత్రం బూరెముక్కు బండి అంటారు.

దాని మోడల్ ఇద్దామని నా ఆశ. కాటో కంపెనీ ఎన్ గేజ్ సెట్టు, అంటే పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు ఉండేది. ఇక్కడ ఎంత వెతికినా దొరకలేదు. జపాన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపు సైట్లో 14,000 యెన్‌లకి కనిపించింది కానీ అడ్రస్ దగ్గర జపాన్ పిన్‌కోడ్ ఇస్తేనే ముందుకి కదులుతోంది. ఫార్వర్డర్ అయితే అక్కడి అడ్రస్ ఇచ్చి, దానికి వచ్చిన పార్సిల్‌ని మనకి పంపిస్తారంట కదా, మొత్తం ఎంతవుతుంది? గిఫ్ట్ అని రాయిస్తే కస్టమ్స్ పడదని మా ఆఫీసులో ఒకాయన అన్నారు, నిజమేనా?

చిన్నస్కేలు:
ఆఫీసాయన చెప్పింది పాత మాట అండీ. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు గిఫ్ట్‌కి మినహాయింపు ఉండేది. 2019 డిసెంబర్‌లో తీసేశారు. ఇప్పుడు గిఫ్ట్ పేరుతో డ్యూటీ లేకుండా వచ్చేవి ప్రాణాలు కాపాడే మందులూ రాఖీలూ మాత్రమే. మీ రైలు గిఫ్టే అయినా పూర్తి డ్యూటీ కట్టాల్సిందే, కాబట్టి ఆ మాట రాయించి లాభం లేదు.

ముందు ఒకటి తేల్చుకోండి. ఫార్వర్డర్ వేరు, ప్రాక్సీ వేరు. ఫార్వర్డర్ గోడౌన్ అడ్రస్ ఇస్తాడు అంతే, షాపులో కొనేది మీరే, కార్డు మీదే. జపాన్ షాపులు కొన్ని బయటి దేశాల కార్డుని తిప్పి కొడతాయి, అక్కడే ఆగిపోతారు. ప్రాక్సీ అయితే తన డబ్బుతో కొని మీ దగ్గర వసూలు చేస్తాడు, కమీషన్ పడుతుంది కానీ తలనొప్పి తక్కువ, వేలం సైట్లలో బిడ్డింగ్ కూడా వాళ్లే వేస్తారు. మొదటిసారి కాబట్టి ప్రాక్సీకే వెళ్లండి. మీ బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆన్ చేసుకోవడం మర్చిపోకండి, దాని మీద ఫారెక్స్ మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు చార్జీ, ఆ మార్కప్ మీద జీఎస్టీ కూడా ఉంటాయి.

అసలు ఖర్చు రైలుది కాదు, అట్టపెట్టెది. ప్రైవేటు కొరియర్లు బరువొక్కటే చూడవు, పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి, అదీ అసలు బరువూ పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 50 × 35 × 20 పెట్టె అయితే 7 కిలోల లెక్క, లోపల రైలు రెండు కిలోలు లేకపోయినా సరే. జపాన్ పోస్ట్ వాళ్ల ఈఎంఎస్‌కి, అంటే విదేశాలకి పంపే స్పీడ్ పోస్ట్ లాంటిదానికి, అసలు బరువే లెక్క. ఇలాంటి తేలికపాటి పెద్ద పెట్టెలకి నేను దాన్నే ఎంచుకుంటాను. అయితే డ్యూటీ వేసేది వస్తువు ధర మీద మాత్రమే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద. 2022లో నాకు 77 శాతం పడింది, ఆ రోజు మా ఆవిడకి స్లిప్ చూపించలేదు. తర్వాతి బడ్జెట్లలో రేటు తగ్గించారు, మీరు కొనే రోజున ఎంతుందో కస్టమ్స్ సైట్లో చూసుకోండి.

గుంటూరు కారం బ్రో:
ఇంత టెన్షన్ ఎందుకండీ, సెల్లర్‌కి మెసేజ్ పెట్టి ధర 2,000 యెన్ అని రాయించండి, అయిపోతుంది. నేను మూడుసార్లు అలాగే తెప్పించా, ఎవడూ అడగలేదు.

చిన్నస్కేలు:
బ్రో, నాలుగోసారి అడుగుతారు. ఈమె కొనేది షాపులో, బిల్లు ప్రాక్సీ దగ్గరే ఉంటుంది, వాళ్లు ఆ ధరే రాస్తారు, తప్పుడు ధర రాయమంటే ఒప్పుకోరు. పైగా పార్సిల్ పోతే ఇన్సూరెన్స్ వచ్చేది రాసిన ధరకే. 2,000 యెన్‌లు చేతికిస్తే ఆ డబ్బుతో నాన్నగారికి ఏం కొంటారు, టీ కప్పా?

మూడో పట్టా:
నేను చేసిన తప్పు చెప్తా, మీరు చేయకండి. జపాన్ సైట్లలో ఒకే రైలు రెండు సెట్లుగా అమ్ముతారు. "కిహోన్" అని ఉంటే అసలు సెట్టు, "జోకెత్సు" అని ఉంటే పొడిగించుకోవడానికి అదనపు పెట్టెలు. నేను చవగ్గా ఉందని రెండోది కొన్నా. ఎంతో ఆత్రంగా విప్పి పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చా, కదలదే! తిరగేసి చూస్తే ఒక్క పెట్టెకీ మోటారు లేదు. నాలుగు పెట్టెలు, ఇంజన్ లేని బండి. అది ఇప్పటికీ టీవీ కింద అలాగే నిలబడి ఉంది, మా అబ్బాయి "నాన్నా సిగ్నల్ ఇంకా రాలేదా" అని రోజూ ఎత్తిపొడుస్తాడు.

ఇంకోటి, వివరణలో "జంకు" అనే మాట ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. నడుస్తుందన్న హామీ లేదు, వాపసు తీసుకోం అని దాని అర్థం. ఫోన్ కెమెరా అనువాదంతో ఫోటోలోని అట్టపెట్టె మీద అక్షరాలు కూడా చదవండి.

డల్లాస్ నుంచి:
ఎవరైనా అమెరికాలో చుట్టాల అడ్రస్‌కి తెప్పించమంటారేమో, ఇప్పుడది దండగ. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి సుంకం లేని వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. ఇక్కడ కట్టి, మళ్లీ అక్కడ కట్టాలి. జపాన్ నుంచి ఎవరైనా ఇండియా వస్తుంటే సూట్‌కేసులో తెమ్మని అడగండి, అది దొరికితే వేరే దారే వద్దు.

కాజీపేట అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. మూడో పట్టా గారూ, మీరు చెప్పాక ఆ పేజీ మళ్లీ తెరిచి అక్షరాలు పోల్చి చూశా. అది జోకెత్సే! నిన్న రాత్రి కార్టులో పెట్టి పడుకున్నా. కిహోన్ సెట్టు వేరే షాపులో 19,500 యెన్‌లు ఉంది, అట్టపెట్టె మూల కాస్త నలిగిందట, రైలు బాగానే ఉందట. జపాన్‌లో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి ప్రాక్సీయే. పట్టాలు, కంట్రోలరు కూడా వాళ్ల దగ్గరే తీసుకోనా? బొమ్మలకి ఐఎస్ఐ మార్కు లేకపోతే ఆపేస్తారని కూడా ఎక్కడో చదివా.

చిన్నస్కేలు:
పట్టాలు సరే. కంట్రోలరు దగ్గర ఆగండి. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. దాని అడాప్టర్ మీద 100-240 అని లేకపోతే మన ప్లగ్గులో పెట్టిన మరుక్షణం పొగే. రైలుకి కావాల్సింది 12 వోల్టుల డీసీ, దానికి సరిపడే కంట్రోలరు ఇక్కడే కొనుక్కోవచ్చు, బరువూ తగ్గుతుంది.

ఐఎస్ఐ రూలు 2021 జనవరి నుంచి ఉంది, 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి. పెద్దవాళ్ల మోడళ్ల పెట్టె మీద వయసు రాసి ఉంటుంది, ప్యాక్ చేసే ముందు ఆ వైపు ఫోటో తీసి పంపమని ప్రాక్సీని అడిగి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి పనికొస్తుంది, అంతకంటే గ్యారంటీ నేనివ్వలేను. కొరియర్ అయితే ఆధార్ లాంటి కేవైసీ అడుగుతారు, అదీ సిద్ధంగా ఉంచుకోండి. ఈఎంఎస్ అయితే పోస్ట్‌మాన్ డ్యూటీ స్లిప్‌తో వస్తాడు, డబ్బు కట్టి తీసుకోవడమే. నాకు రెండు వారాల్లో వచ్చినవీ ఉన్నాయి, కస్టమ్స్‌లో నెలన్నర కూర్చున్నదీ ఉంది. ఆగస్టు అంటున్నారు కాబట్టి ఈ వారమే కొనేయండి.

కాజీపేట అమ్మాయి:
ఇప్పుడే ఆర్డర్ పెట్టా, కిహోన్ సెట్టు, ఒక చిన్న పట్టాల సెట్టు. ఇన్సూరెన్స్ తీసుకున్నా, ధర అసలుదే. నాన్న డ్యూటీ దిగేలోపు ఈ డ్యూటీ సంగతి తేలితే చాలు. పోస్ట్‌మాన్ మా ఇంటికి వచ్చినప్పుడు నాన్నే తలుపు తీస్తే మాత్రం మొత్తం బయటపడిపోతుంది, అందుకే పార్సిల్ మీద అడ్రస్ మా పిన్నిది ఇచ్చా.