మతం మనుషుల్ని కలుపుతుందా, కొట్లాటలు పెడుతుందా?

చదువరి:

నమస్కారం. ప్రశ్న పాతదే, నాకు మాత్రం ఈ వారమే గట్టిగా తగిలింది. స్కూల్లో కలిసి చదువుకున్న వాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. మొన్న ఎక్కడో జరిగిన గొడవ గురించి ఎవరో వీడియో పెట్టారు. దాని కింద మాటామాటా పెరిగి, రాత్రి పదకొండయ్యేసరికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకడు, మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు రెండు రాత్రులు నాతోపాటు బయట కుర్చీల్లో కూర్చున్నవాడు. మతం వేరు. ముప్పై ఏళ్ళలో ఆ సంగతి మా మధ్యకు ఎప్పుడూ రాలేదు.

మతం మనుషుల్ని దగ్గర చేస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మరి గొడవ వచ్చిన ప్రతిచోటా అదే ముందు ఎందుకు కనిపిస్తుంది? చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి. ఫలానా మతం మంచిది, ఫలానాది చెడ్డది అనే వాదన మాత్రం దయచేసి వద్దు.

తూర్పుగాలి:

సూటిగా చెప్తాను. మతం కలిపినదానికంటే తెంచిందే ఎక్కువ. 1572 ఆగస్టులో రాజకుటుంబపు పెళ్ళికని పారిస్ వచ్చిన ప్రొటెస్టెంట్లను, పెళ్ళయి వారం తిరక్కముందే క్యాథలిక్కులు వెతికి వెతికి చంపారు. చంపినవాళ్ళదీ చచ్చినవాళ్ళదీ ఒకే దేవుడు. 1204లో జెరూసలేం కోసమని బయల్దేరిన క్రైస్తవ సైన్యం దారి మళ్ళి, క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకుంది. మన కాలానికి వస్తే, 2017లో మయన్మార్ నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వాళ్ళ మీద ద్వేషం నూరిపోసినవాళ్ళలో బౌద్ధ భిక్షువులూ ఉన్నారు. అహింస బోధించే మతంలోనే ఇలా జరిగితే ఇక ఏం చెప్పాలి?

జీతాల మీదో నీళ్ళ మీదో తగాదా వస్తే ఎక్కడో ఒకచోట బేరం తెగుతుంది. "ఇది దేవుడిచ్చిన చోటు" అన్నాక బేరం ఉండదు. జెరూసలేంలో ఏసును సమాధి చేసిన చోటని నమ్మే చర్చిని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకుంటాయి. ఏ మెట్టు ఎవరు ఊడ్చాలి, ఏ దీపం ఎవరు వెలిగించాలి అన్నవాటికీ పాత కట్టుబాట్లున్నాయి. ముఖద్వారం పైన కిటికీ దగ్గర ఒక చిన్న చెక్క నిచ్చెన ఆనించి ఉంటుంది. 18వ శతాబ్దం నుంచీ అక్కడ నిచ్చెన ఉంటూనే ఉంది. తీస్తే ఎవరి హక్కు పోతుందోనని ఎవరూ దాన్ని తీసెయ్యరు. 2008 నవంబర్‌లో అదే చర్చిలో అర్మేనియన్, గ్రీకు సన్యాసులు ఊరేగింపు విషయంలో పిడిగుద్దులకు దిగితే పోలీసులు వచ్చి విడదీశారు. ఆ చర్చి తాళంచెవి దాచేది ఒక ముస్లిం కుటుంబం, తలుపు తీసేది ఇంకో ముస్లిం కుటుంబం. తరతరాలుగా ఇదే ఏర్పాటు. సొంతవాళ్ళ చేతికి తాళం ఇచ్చుకోలేకపోయారు, చూడండి.

రచ్చబండ:

తూర్పుగాలి గారూ, మీరు చెప్పిన ఘటనలన్నీ నిజమే. కారణం దగ్గరే మనకు తేడా.

ఐరోపాలో 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని అందరూ మతయుద్ధమనే చెప్తారు. మొదలైంది క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్యనే. కానీ 1631లో ప్రొటెస్టెంట్ స్వీడన్‌కు యుద్ధఖర్చుల డబ్బు పంపడానికి ఒప్పుకున్నది క్యాథలిక్ ఫ్రాన్స్. అక్కడ చక్రం తిప్పిన మంత్రి రిషెల్యూ మామూలు క్యాథలిక్ కూడా కాదు, కార్డినల్, అంటే పోప్ తర్వాతి స్థాయి మతగురువు! పక్కనున్న క్యాథలిక్ హాబ్స్‌బర్గ్ రాజవంశం బలపడకూడదన్నదే ఆయన లెక్క. సామాన్యులు మాత్రం మతం పేరుతోనే, ఆకలితోనూ రోగాలతోనూ లక్షల్లో పోయారు.

ఇంకోటి చూడండి. మతం అంత గట్టి జిగురైతే పాకిస్తాన్ ఎందుకు విరిగింది? 1947లో మతం పేరుతోనే ఏర్పడింది. ఐదేళ్ళు తిరక్కుండానే, 1952 ఫిబ్రవరి 21న, బెంగాలీని అధికార భాష చెయ్యమని అడిగిన విద్యార్థుల మీద ఢాకాలో కాల్పులు జరిగాయి. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ పార్టీకి మెజారిటీ వచ్చినా అధికారం ఇవ్వలేదు. 1971 మార్చిలో సైన్యం దిగింది, డిసెంబర్‌కల్లా దేశం రెండయింది. రెండు వైపులా నమాజు చేసేవాళ్ళే ఎక్కువ. భాషనూ ఓటునూ కాదంటే ఒకే మతం కూడా వాళ్ళను కలిపి ఉంచలేకపోయింది.

అందుకే నా మాట: పేచీ ఎప్పుడూ భూమి, పదవి, ఉద్యోగాల మీదే. మతం జెండా మాత్రమే. మీరు చెప్పిన తాళంచెవి సంగతి నాకు వేరేగా కనిపిస్తుంది. పోటీ లేని చోట వేరే మతం వాళ్ళ చేతిలో తాళం పెట్టి శతాబ్దాలు నిశ్చింతగా ఉన్నారు కదా!

తూర్పుగాలి:

జెండా మాత్రమే అయితే, నాయకులు వెతికి వెతికి ఆ జెండానే ఎందుకు పట్టుకుంటారు? ఎత్తు పొట్టి తేడాల మీద జనాన్ని రెచ్చగొట్టమనండి, ఒక్కడూ కదలడు. మతం పేరెత్తితే ప్రాణాలకు తెగిస్తారు. మందుగుండుకు బుద్ధి లేదు, నిప్పు పెట్టినవాడిదే తప్పు అంటే ఎలా? మందుగుండును ఇంట్లో దాచుకున్నది మనమే కదండీ.

పాతపుస్తకం:

ఆలస్యంగా వచ్చాను. ఇద్దరి మాటలూ రెండుసార్లు చదివాను. నాకు అనిపించినది కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

మతం కలుపుతుందా, విడగొడుతుందా అని అడగడంలోనే ఏదో తప్పిపోతోంది. ఆ రెండూ ఒకే పని. పదిమందిని ఒక చోట కూర్చోబెట్టి "మీరంతా ఒకటి" అన్న క్షణానే పదకొండోవాడు బయట నిలబడ్డాడు. మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే "మనం", వదిలేస్తే "మేము". చాలా భాషలకు ఈ తేడా లేదు. ప్రతి మతానికీ ఈ రెండు మాటలూ వచ్చు. ఏ రోజున ఏది పలుకుతుందన్నదే నాకు ముఖ్యం.

రువాండా సంగతి తీసుకోండి. 1994లో దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ జాతివాళ్ళను, హుటూ జాతి తీవ్రవాదులు చంపారు. హుటూలూ టుట్సీలూ మాట్లాడేది ఒకే భాష. ఇరువైపులా ఎక్కువమంది క్రైస్తవులే. కాబట్టి అది మతాల కొట్లాట కాదు, ఈ మేరకు రచ్చబండ గారు గెలిచినట్టే. కానీ ఆగండి. అంతకుముందు గొడవల్లో చర్చిలోకి పరిగెత్తినవాళ్ళు బతికారు. ఆ నమ్మకంతోనే 1994లోనూ పిల్లల్ని ఎత్తుకుని చర్చిలకే వెళ్ళారు. ఈసారి చర్చిల్లోనే చంపారు. న్యామాటా అనే ఊళ్ళో చర్చి ఇప్పుడు స్మారకం. చనిపోయినవాళ్ళ బట్టలు, మట్టి కొట్టుకుపోయి, బల్లల మీద కుప్పలుగా ఉంటాయి. ఆదివారం పూట వాళ్ళు కూర్చున్న బల్లలే. న్యాంగే అనే చోట సాక్షాత్తూ ఆ చర్చి ఫాదర్‌కే, జనం లోపల ఉండగా చర్చిని బుల్డోజర్‌తో కూలగొట్టించిన నేరానికి అంతర్జాతీయ కోర్టులో యావజ్జీవం పడింది. వంద మాటలెందుకు, ఒకే పీట దగ్గర ప్రసాదం తీసుకున్నవాళ్ళను ఆ ప్రసాదం కాపాడలేదు. గుర్తింపు కార్డు మీద రాసిన జాతి దానికంటే బలంగా పనిచేసింది. అదే దేశంలో చిన్న మైనారిటీగా ఉన్న ముస్లింలు చాలామందిని ఇళ్ళలో దాచి బతికించారు.

ఇప్పుడు ఇటు చూడండి. ఫ్రాన్స్‌లో లె షాంబోన్ అనే కొండ ఊరు. అక్కడివాళ్ళు ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. తూర్పుగాలి గారు చెప్పిన 1572 నాటి బాధితుల బాటలోనివాళ్ళే. 1685లో రాజు వాళ్ళ మతాన్నే చట్టవిరుద్ధం చేసినప్పుడు తాతముత్తాతలు దాక్కుని ప్రార్థనలు చేసుకున్నారు. ఆ కథలు ఇళ్ళలో చెప్పుకుంటూనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో యూదులను పట్టుకుపోతుంటే, పాస్టర్ ఆంద్రె ట్రోక్మే, ఆయన భార్య మాగ్దా, ఊరి రైతులు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కలిసి వేలమందికి చోటిచ్చారు. 1942లో పోలీసులు బస్సులతో వచ్చి యూదుల జాబితా అడిగితే ఆయన ఇవ్వలేదు. ఆ చర్చి తలుపు పైన "ఒకరినొకరు ప్రేమించుకోండి" అని చెక్కి ఉంటుంది. ఆ వాక్యం ఎన్ని చర్చిల్లో వినిపించి ఉంటుందో! మరి అక్కడే ఎందుకు పనిచేసింది? వాళ్ళు తమ పాత గాయాన్ని ఎదుటివాడి మీద పగగా మార్చుకోలేదు. తలుపు తట్టినవాడిలో తమ ముత్తాతను చూసుకున్నారు. అదే గాయం ఇంకోచోట కత్తి నూరడానికి పనికొచ్చేది.

తూర్పుగాలి గారి మందుగుండు ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. మతంలో ఆ శక్తి ఉన్న మాట నిజం, దాన్ని కాదంటే అబద్ధమవుతుంది. కానీ ఆ శక్తే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ వెంట నడిచిన పఠాన్ల చేత తుపాకులు పక్కన పెట్టించింది. వాళ్ళ దళం పేరు ఖుదాయీ ఖిద్మత్‌గార్, అంటే దేవుని సేవకులు. ప్రతీకారం తీర్చుకోనని దేవుడి మీద ప్రమాణం చేసినవాళ్ళు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధులైన జనం మీద కాల్పులు జరపమని బ్రిటిష్ అధికారులు ఆజ్ఞాపిస్తే, గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు కాల్చేది లేదన్నారు. జనం ముస్లింలు, సైనికులు హిందువులు. ఎలాగూ కాలుస్తారనే లెక్కతోనే వాళ్ళను పంపి ఉంటారని నాకనిపిస్తుంది. వాళ్ళకు ముందు నిలబడిన హవల్దార్ చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది.

చివరగా ఉత్తర ఐర్లాండ్. మూడు దశాబ్దాల్లో సుమారు 3,500 మంది పోయారు. క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు అంటాం గానీ, అక్కడి పేచీ బ్రిటన్‌లో ఉండాలా ఐర్లాండ్‌లో కలవాలా అన్నది. దాంతోపాటు ఇళ్ళ కేటాయింపు, ఉద్యోగాలు. 1988 మార్చి 19న బెల్‌ఫాస్ట్‌లో ఒక అంత్యక్రియల ఊరేగింపులోకి ఇద్దరు బ్రిటిష్ సైనికుల కారు వచ్చింది. గుంపు వాళ్ళను లాగి కొట్టింది, తర్వాత కాల్చి చంపారు. అలెక్ రీడ్ అనే క్యాథలిక్ ఫాదర్ అడ్డుపడబోతే నెట్టేశారు. ఆయన మళ్ళీ వెళ్ళి, నోటితో ఊపిరి ఊదే ప్రయత్నం చేసి, మోకాళ్ళ మీద కూర్చుని చివరి ప్రార్థన చదివారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆయన పెదవుల మీద నెత్తురుంది. ఆ సమయంలో ఆయన దగ్గర ఒక కవరుంది. అందులో, సాయుధ పోరాటం చేస్తున్న ఐఆర్‌ఏకు దగ్గరైన సిన్ ఫెయిన్ పార్టీ వైపు నుంచి, హింస వద్దనే ఐరిష్ జాతీయవాద నాయకుడు జాన్ హ్యూమ్‌కు చేరాల్సిన శాంతి ప్రతిపాదన. కవరుకు నెత్తురంటితే, వేరే కవరులో పెట్టి ఇచ్చేశారు. పదేళ్ళకు, 1998 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2005లో ఐఆర్‌ఏ ఆయుధాలను పనికిరాకుండా చేసినప్పుడు సాక్షులుగా నిలబడిన ఇద్దరు మతగురువుల్లో ఆయన ఒకరు. రెండో ఆయన ప్రొటెస్టెంట్.

నేను వీటన్నిట్లో ఒక్క సంగతే గమనించాను. ఎదుటి మతం వాడికి బుద్ధి చెప్పినందువల్ల ఎక్కడా ఏదీ ఆగలేదు. సొంతవాళ్ళకు అడ్డంగా నిలబడ్డవాడు ఉన్నచోట ఆగింది. అలాంటివాడు లేనిచోట గ్రంథం అలమరలోనే ఉంది, చంపడం మాత్రం ఆగలేదు.

రచ్చబండ:

పాతపుస్తకం గారూ, చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించే మనుషులే వాళ్ళంతా. కానీ ఒక ఫాదర్, ఒక పాస్టర్, ఒక హవల్దార్. వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ఆ ఒక్కడి మీద ఆశ పెట్టుకుని సమాజాన్ని నడపలేం. ఇళ్ళు, ఉద్యోగాలు, ఓటు అందరికీ సమానంగా దక్కేలా చట్టం ఉండాలి. 1998 ఒప్పందంలో అధికారం పంచుకునే ఏర్పాటు లేకపోతే, ఎంతమంది రీడ్‌లు మోకాళ్ళ మీద కూర్చున్నా లాభం ఉండేది కాదు.

పాతపుస్తకం:

ఒప్పుకుంటాను, చట్టం లేకుండా నిలబడదు. అయితే ఆ చట్టం దాకా తీసుకెళ్ళడానికి ఎవడో ఒకడు నెత్తురంటిన కవరు మొయ్యాలి కదండీ. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను బైబిలుతో సమర్థించిన చర్చి ఉండేది. 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ చర్చిల కూటమి ఆ సమర్థన మతద్రోహమని తేల్చి, దాని సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. చట్టాలు ఆ తర్వాత, ముఖ్యంగా 1990ల్లో రద్దయ్యాయి. ఆ ఒక్క తీర్మానం వల్లేనని అనను. కానీ "దేవుడే ఇలా చెప్పాడు" అనే ధీమా పోయాక తప్పు చేసేవాడి కాళ్ళ కింద నేల కదులుతుంది. ఆ నేల కదిలించడం సొంత మతంవాళ్ళకే సాధ్యం.

తూర్పుగాలి:

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఆ శక్తిని అంత తేలిగ్గా నమ్మలేను. ట్రోక్మే బాటలో నడిచినవాళ్ళ కంటే గుంపులో నిలబడ్డవాళ్ళే ఎప్పుడూ ఎక్కువ. అయినా లె షాంబోన్ గురించి ఇంతకుముందు నాకు తెలియదు. చదువుతాను.

చదువరి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తాడు. మతం గురించి, వీడియో గురించి ఏదో సర్దిచెప్పబోయాను. వాడు నన్ను ఆపి, "వీడియో పెట్టినవాడి మీద నాకేం కోపం లేదురా. వాడెప్పుడూ అంతే. నువ్వు ఆన్‌లైన్‌లోనే ఉన్నావు. రెండు గంటలు చూస్తూ ఉన్నావు. ఒక్క మాట అనలేదేం?" అన్నాడు.

నిజమే. ఆ మాటలన్నవాడు మా మతంవాడే, మా చుట్టం కూడా. ఎందుకొచ్చిన టెన్షన్ అని ఊరుకున్నాను. గ్రూపులో ఇంకా ఇరవై రెండు మందిమి ఉన్నాం. ఇందాకటి నుంచి ఆ చుట్టానికి జవాబు రాస్తున్నాను, గ్రూపులోనే, అందరూ చూసేలా. మూడుసార్లు చెరిపేశాను. ఇది ఇక్కడ పెట్టి, వెళ్ళి అది పంపిస్తాను.