‘అరుగు’ మాకంటే ముందే ఇంకొకరిదైంది, పేరు మార్చాలా?

కోడంబాక్కం కుర్రాడు:
చెన్నైలో ఉంటున్న ఐదుగురం కలిసి, ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే కథలను రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా వదలాలని ఆరు నెలలుగా తిరుగుతున్నాం. పేరు ‘అరుగు’. ముఖచిత్రం మా అమ్మమ్మగారి ఇంటి అరుగే. మూల పెచ్చులూడి లోపలి ఎర్రమట్టి కనిపిస్తూ ఉంటుంది. నిన్న చూస్తే, హైదరాబాదులో ఎవరో ఇదే పేరుతో, ఇలాంటి కథలతోనే మూడు వారాల కింద మొదలుపెట్టేశారు. మేము వాళ్లను చూసి పెట్టలేదు. వాళ్లకు మేమున్నామనే తెలియదు. ఇక్కడేమో రెండు వందల స్టిక్కర్లు అచ్చయి కూర్చున్నాయి.

పానగల్ పార్కు:
మార్చకండి. ఒక రచయిత తన కథ పేరును సినిమాకు వాడేశారని ‘దేశీ బాయ్స్’ మీద కేసు వేస్తే, అలాంటి మామూలు మాటల పేరుకు కాపీరైటు లేదని 2015లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ‘దేవదాసు’ 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లోనూ వచ్చింది. ఎవరి కొంప మునిగింది?

అచ్చుతప్పుల మాష్టారు:
ఆ దేవదాసుల మధ్య ఇరవై, ముప్పై ఏళ్ల ఎడముంది. ఇక్కడ మూడు వారాలు! కోర్టు చెప్పింది కాపీరైటు సంగతి. ఒకే రంగంలో ఒకే పేరుండి జనం పొరబడితే ట్రేడ్‌మార్కు గొడవ వేరే ఉంటుంది. అది లాయర్లకు వదిలేద్దాం.
నా అభ్యంతరం వేరు. పేరులో సొంతదనం కొత్త మాట పుట్టించడంలో లేదు. భారతంలో పదిహేడోది మహాప్రస్థానిక పర్వం, పాండవులు చావుకు ఎదురు నడిచిన కథ. 1950లో శ్రీశ్రీ పుస్తకం వచ్చాక ‘మహాప్రస్థానం’ అంటే కదం తొక్కే జనం గుర్తొస్తున్నారు. మాట పాతదే, దాన్ని ఆయన ఎటు తిప్పాడో చూడండి. మరి మీరు? పెద్దవాళ్ల కబుర్లు అనగానే ఎవరికైనా మొదట తట్టేది అరుగే. అందుకే వాళ్లకూ తట్టింది. మీరు చేసింది దొంగతనం కాదు నాయనా, బద్ధకం.

కోడంబాక్కం కుర్రాడు:
బద్ధకమా మాష్టారూ! నలభై పేర్లు రాసి కొట్టేశాం. ‘రచ్చబండ’ ఎప్పుడో ప్రభుత్వ కార్యక్రమమైపోయింది. ‘పందిరి’ అంటే పెళ్లి వంటలవాళ్లు అనుకుంటారు.

చిత్తూరు ఆడపడుచు:
తమ్ముడూ, మా వైపు దాన్ని తిన్నె అంటాం. తమిళులు తిణ్ణై అంటారు. మైలాపూరు పాత ఇళ్ల ముందు ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తాయి. చెన్నైలో కూర్చుని తెలుగు కథలు చెప్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

పానగల్ పార్కు:
బాగుంది! ఆ పేరుతో తమిళంలో ఇంటర్నెట్ పత్రిక ఏళ్లుగా ఉంది. మళ్లీ మొదటికే వచ్చాం.

అచ్చుతప్పుల మాష్టారు:
ఉండనివ్వండి. తమిళ వ్యాసాల కోసం వెళ్లినవాడు పొరబాటున తెలుగు కథలు వినడు. హైదరాబాదు వాళ్ల ‘అరుగు’ అలా కాదు, ఫోనులో మీ పేరు కొట్టినవాడికి ముందు వాళ్లే తగులుతారు. అమ్మాయి చెప్పిన మాటలో చెన్నై ఉంది, మీ ‘అరుగు’లో అది లేదు.

కోడంబాక్కం కుర్రాడు:
రాత్రి అందరం ‘తిన్నె’ అని పైకి పలికి చూశాం. మాలో గుంటూరువాడు “ఎవరు తిన్నది?” అని ఒకటే నవ్వు. వాడు తప్ప నలుగురం ఒప్పుకున్నాం. స్టిక్కర్లు మాత్రం పారేయబుద్ధి కావడం లేదు.