కరోనా లాక్‌డౌన్‌లో (ఏప్రిల్ 2020) ఎరువు, వేపనూనె కోసం బయటికి వెళ్ళడం అవసరమా, కాదా? విశాఖ వాళ్ళు చెప్పండి

మేడమీద_తోట

మొన్న పొద్దున మావారు వేపనూనె, వర్మీకంపోస్టు తెద్దామని స్కూటర్ తీశారు. హనుమంతవాక జంక్షన్ దగ్గర పోలీసులు ఆపి మందుల చీటీ చూపించమన్నారు, అది లేకపోతే కూరగాయల సంచి అయినా ఉండాలన్నారు. ఎరువు కోసం అనగానే ఇంకో మాట వినకుండా బండి వెనక్కి తిప్పించేశారు. ఏప్రిల్ 15న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుల్లో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల రిటైల్ షాపులు నడుపుకోవచ్చని ఉంది, 20 నుంచి అమల్లోకి కూడా వచ్చింది. షాపు తెరవొచ్చు, కొనేవాళ్ళు మాత్రం గడప దాటకూడదంటే ఆ షాపు ఎవరి కోసం తెరిచినట్టు?

మాది ఎంవీపీ కాలనీ. మేడ మీద వంగ, బెండ, బీర, మిరప, ఆకుకూరలు ఉన్నాయి. లాక్‌డౌన్ మొదలయ్యాక మేం కూరల కోసం బయటికి వెళ్ళింది చాలా తక్కువ. రైతుబజార్లని మైదానాల్లోకి మార్చి, సున్నంతో గళ్ళు గీసినా జనం ఎలా తోసుకుంటున్నారో అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ గుంపులోకి వెళ్ళకుండా ఇంట్లోనే పండించుకుంటే ఊరికి కూడా మంచిదే కదా. ఇప్పుడు వంగ ఆకు తిప్పి చూస్తే వెనకంతా దూది అంటించినట్టు పిండినల్లి, కాండం పొడుగునా చీమల బారు. మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఇంకో వారం ఆగితే పీకి పారెయ్యడమే. ఇంటి తోటకి కావలసినవి కూడా అత్యవసరాల్లో చేర్చాలని నేనంటాను. మీరేమంటారు?

గాజువాక_శ్రీ

మా వైపు ఎరువుల షాపు పొద్దున పూట తీస్తున్నారండి. షట్టర్ సగం దించి అమ్ముతున్నారు.

కంచరపాలెం_కుర్రోడు

మేడమ్ గారూ, ఆ ఉత్తర్వు ఇచ్చింది రైతుల కోసం. ఖరీఫ్ ముందుంది, రైతుకి విత్తనం, ఎరువు అందకపోతే రేపు మనకి అన్నం ఉండదు కాబట్టి ఇచ్చారు. మేడ మీద బ్యాగుల్లో వంకాయలకి ఆ కాగితం చూపించడం న్యాయం కాదు. మన జిల్లా హాట్‌స్పాట్ లిస్టులో, అంటే కరోనా కేసులు ఎక్కువున్న జిల్లాల్లో ఉందన్న సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది.

ఈ నెల మొదట్లో మా పెదనాన్న పార్వతీపురంలో పోయారు. మా నాన్నకి సొంత అన్న, చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మనిషి. పాస్ కోసం తిరిగి తిరిగి, దొరక్క, చివరికి ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూపించాం. మా నాన్న ఆ ఫోన్ పట్టుకుని ఏడుస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఆయనకి దొరకని దారి మీ వేపనూనెకి కావాలంటున్నారు. మృగశిర దాకా ఆగండి, వానలు పడ్డాక మళ్ళీ వేసుకోవచ్చు. మొక్కే కదండి.

అనకాపల్లి_రైతుబిడ్డ

ముందు ఒక్క సంగతి చెప్పండమ్మా. మిరప ఆకులు ఏ వైపు ముడుచుకున్నాయి? అంచులు పైకి లేస్తే తామర పురుగు. కిందికి వాలి, కాడ సాగినట్టు ఉంటే నల్లి. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. నల్లి అయితే మీరు వేపనూనె మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కొట్టాలి, అది కూడా సాయంత్రం ఎండ పోయాకే, లేకపోతే ఈ వేడికి ఆకు మాడిపోతుంది. తెలియకుండా వేపనూనె కోసం రోడ్డెక్కి లాభం లేదు.

మీ వంగ మీదున్న పిండినల్లి ఈ నల్లి కాదు, వేరే పురుగు. దానికి అసలు షాపుకే వెళ్ళక్కర్లేదు. పైపుతో ఆకు వెనక గట్టిగా నీళ్ళు కొట్టండి, ఎక్కువ పట్టేసిన ఆకులు కోసి కవర్లో మూటకట్టి పారెయ్యండి, సబ్బు నీళ్ళలో తడిపిన గుడ్డతో కాండం తుడవండి. చీమలే దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి, వాటి దారి తెంపితే సగం పని అయినట్టే. వేపాకు రుబ్బి రాత్రంతా నానబెట్టి వడకట్టిన నీళ్ళు కూడా కొంత పనిచేస్తాయి. ఎరువుకి తొందరేం లేదు, ఈ ఎండలో మొక్క ఎరువు కంటే నీళ్ళూ నీడా అడుగుతుంది.

మేడమీద_తోట

రైతుబిడ్డ గారూ, సబ్బు నీళ్ళు కొట్టి చూశాకే అడుగుతున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది.

కుర్రోడు గారూ, మీ పెదనాన్నగారి విషయం వింటే బాధగా ఉంది. కానీ అది నా మొక్కల వల్ల జరగలేదు. మీ నాన్నగారికి పాస్ ఇవ్వకపోవడం తప్పు, మావారిని వెనక్కి పంపడం కూడా తప్పే. ఒక తప్పు చూపించి ఇంకో తప్పుని సరైనదే అంటే ఎలా? మొక్కే కదా అన్నారు. అమ్మ పోయాక నేను మనిషిని అయ్యింది ఆ మేడ మీదే. మా అమ్మ పెట్టిన బచ్చలి తీగ ఇంకా ఉంది. మా ఇంట్లో బీపీ మనిషి ఉన్నారు, పిల్లలు గదుల్లో మగ్గిపోతున్నారు, సాయంత్రం నీళ్ళు పోసే గంటే అందరం నోరు విప్పి మాట్లాడుకునే గంట. దాన్ని షోకు అనుకుంటే నేనేం చెప్పలేను.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు

మీరు నయం. మా అసోసియేషన్ వాళ్ళు కరోనా అని మేడకే తాళం వేశారు. లిఫ్టులో అందరూ ఎక్కొచ్చట, ఖాళీ మేడ మీదకి నేనొక్కణ్ణి వెళ్ళి నీళ్ళు పొయ్యకూడదట. కరివేపాకు చెట్టు ఎండిపోయింది.

కంచరపాలెం_కుర్రోడు

షోకు అని నేను అనలేదు. అవసరం వేరు, అత్యవసరం వేరు అంటున్నాను. ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి ప్రాణంతో సమానంగానే ఉంటుంది. ఒకరికి మొక్కలు, ఒకరికి కుట్టుమిషన్ దారం, ఒకరికి వలకి నైలాన్ తాడు. అందరూ నాది ముఖ్యం అని బయలుదేరితే ఇంక లాక్‌డౌన్ ఎందుకు? 21 రోజులన్నారు, మే 3 దాకా పెంచారు, ఇలా అందరూ తిరిగితే ఇంకా పెంచుతారు. రోజు కూలీ మీద బతికేవాళ్ళ గురించి కూడా ఆలోచించండి.

సముద్రపుగాలి

చేపల కోసం, చికెన్ కోసం ఆదివారం పొద్దున బారులు కట్టినప్పుడు ఎవరూ ఇంత చర్చ పెట్టలేదు.

కొమ్మాది_నర్సరీ

ఉత్తర్వుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఏప్రిల్ 21న కేంద్రం ఇంకోటి ఇచ్చింది. మొక్కలు, నారు రాష్ట్రం లోపలా, రాష్ట్రాల మధ్యా రవాణా చేసుకోవచ్చని అందులో ఉంది, తేనెటీగల పెట్టెలు కూడా. అంటే కాగితం మీద నా బండికి అడ్డు లేదు. జంక్షన్‌లో ఉన్న కానిస్టేబుల్‌కి ఆ కాగితం చూపిస్తే, ఇది మాకు రాలేదు పొమ్మంటున్నారు. ఆయన తప్పూ కాదు, ఎండలో పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నాడు, రోజుకో రూలు మారుతోంది.

లాక్‌డౌన్‌కి ముందే నర్సరీల ఊరు కడియం నుంచి లోడు దించాను. గులాబీ, మందార, చామంతి, కొన్ని అంటు మామిళ్ళు. కడియంలోనే కొనేవాళ్ళు లేక పూలు రాలిపోతున్నాయని అక్కడి వాళ్ళు ఫోన్లో చెప్తున్నారు, ఇంక నాది ఎంత. కిరాణా కొట్టు అయితే షట్టర్ దించి పడుకోవచ్చు. నర్సరీకి తాళం వేస్తే రెండు రోజుల్లో చిన్న కవర్లలో మొక్కలన్నీ పోతాయి. అమ్మకం ఉన్నా లేకపోయినా రెండు పూటలా నీళ్ళు పెట్టాలి, పెట్టే మనుషులకి తిండి పెట్టాలి, మోటారు కరెంటు బిల్లు కట్టాలి. వేసవిలో మాకు ఎలాగూ అమ్మకాలు తక్కువే, జూన్ జూలై మీదే ఏడాదంతా బతుకుతాం. అప్పటిదాకా ఈ మొక్కలని నిలబెట్టుకోవడమే నా బాధ. కుర్రోడు గారు మృగశిర దాకా ఆగమన్నారు. నా మొక్కలు ఆగవండి.

మేడమీద_తోట

చూశారా, కొనేవాళ్ళూ ఉన్నారు, అమ్మేవాళ్ళూ ఉన్నారు. నర్సరీ గారూ, మీరు ఇళ్ళకే తెచ్చి ఇవ్వొచ్చు కదా? మా వీధిలోనే ఆరేడు ఇళ్ళ వాళ్ళకి కావాలి. అందరం కలిపి ఆర్డరు ఇస్తాం, గేటు దగ్గర దించి వెళ్ళిపోతే చాలు, ఎవరూ ఎవరినీ తాకక్కర్లేదు. మేం బయటికి రావలసిన పనే ఉండదు.

కంచరపాలెం_కుర్రోడు

ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నాను. మా బావకి ట్రాలీ ఆటో ఉంది. మీలాంటి ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు ఫోన్ చేసి ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపొట్టు), గత్తం (పశువుల ఎరువు) బస్తాలు తెమ్మన్నారు. ఏం పర్లేదు, ఎరువులకి పర్మిషన్ ఉంది, ఎవరూ ఆపరు అని వాళ్ళే ధైర్యం చెప్పారు. ఆపారు. బస్తాలు దింపించారు, బండి స్టేషన్‌కి తీసుకుపోయారు. సరుకు డబ్బు మా బావ ముందే కట్టి ఉన్నాడు. ఫోన్ చేస్తే ఆ అపార్ట్‌మెంట్ పెద్దమనిషి, సరుకు మాకు చేరలేదు కాబట్టి మేం ఇచ్చేది ఏం లేదన్నాడు. ఆ తరవాత ఫోన్ ఎత్తడం మానేశాడు. బండి ఇప్పటికీ స్టేషన్ గోడ పక్కనే ఉంది. కిస్తీ తేదీ మాత్రం ఆగదు.

మీ చేతికి మట్టి అంటాలి, మీ కాలు మాత్రం రోడ్డు మీద పడకూడదు. మధ్యలో రోడ్డంతా మా బావ నడవాలి. ఇంటికే తెచ్చివ్వండి అనడం తేలికేనండి!

మేడమీద_తోట

ఆగండి. మీ బావగారి డబ్బు ఎగ్గొట్టింది నేనా? ఎవరో చేసినదానికి పొద్దుటి నుంచీ నన్ను నిలబెట్టి అడుగుతున్నారు. నా మొదటి పోస్టు మళ్ళీ చదవండి. మావారు స్వయంగా వెళ్ళారు. మమ్మల్ని వెళ్ళనిస్తే ఎవరి చేతా తెప్పించుకోవలసిన అవసరమే రాదు. నేను అడిగిందే అది!

అనకాపల్లి_రైతుబిడ్డ

ఆకు పైకా, కిందికా? ఇంకా చెప్పలేదు మీరు.

కంచరపాలెం_కుర్రోడు

వెళ్ళారు, నిజమే. మీవారికి ఏమైంది? బండి తిప్పుకుని ఇంటికొచ్చారు, ఎండ తగిలింది, అంతే. అదే హనుమంతవాకలో మా బావ వెళ్తే బండి పోయింది, రెండు దెబ్బలు కూడా పడ్డాయి. అదే రోడ్డు, అదే ఉత్తర్వు. రూలు సడలిస్తే మీరు షాపుకి వెళ్ళి వస్తారు. మళ్ళీ బిగిస్తే ఫోన్ చేస్తారు, మేం వస్తాం, దెబ్బలు మేం తింటాం. అందుకే ఈ మొక్కల సరుకు అత్యవసరం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మీ వంకాయల మీద నాకేం కోపం లేదు. మా అమ్మ కూడా పెరట్లో ఆనప పాదు పెట్టింది.

మేడమీద_తోట

ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పెదనాన్నగారి మాట, రైతు మాట, హాట్‌స్పాట్ మాట అన్నీ తెచ్చారు, అసలు మాట ఇప్పుడు చెప్పారు. అయినా నా అభిప్రాయం మారలేదు. అనుమతి స్పష్టంగా లేకపోవడం వల్లే మీ బావగారిని కొట్టారు. స్పష్టంగా ఇచ్చి ఉంటే ఆ బండి స్టేషన్‌కి వెళ్ళేదే కాదు. కాబట్టి అడగవలసింది అనుమతే.

రైతుబిడ్డ గారూ, కిందికే ముడుచుకున్నాయి. ఇప్పుడే మేడ మీదకి వెళ్ళి చూసి వచ్చాను.

అనకాపల్లి_రైతుబిడ్డ

అయితే నల్లి. గంధకం. వేపనూనె వంగకి వాడుకోండి, లీటరుకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కలు సబ్బు ద్రావణం కలిపి. ఒకటి కొట్టిన వెంటనే రెండోది కొట్టకండి, రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది, మధ్యలో కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి.

కొమ్మాది_నర్సరీ

నేను బండి వేస్తాను, కానీ ఇలా అయితేనే. డబ్బు ముందు పంపాలి. గంధకం నా దగ్గర ఉండదు, లైసెన్స్ ఉన్న ఎరువుల షాపు నుంచి బిల్లు వేయించి తెస్తాను, ఆ బిల్లు డ్రైవర్ జేబులో ఉంటుంది. ఎవరెవరి ఇళ్ళకో ఫోన్ నెంబర్లతో లిస్టు రాసిస్తాను, ఆపితే డ్రైవర్ ఫోన్ చేస్తాడు, మీరు ఎత్తి మాట్లాడాలి. బండి పట్టుకుంటే జరిమానా సగం నేను, సగం ఆర్డరు ఇచ్చినవాళ్ళు. బేరాలు వద్దు.

గాజువాక_శ్రీ

నాకు దూరం గానీ, ఇలా అయితే నేను ఒప్పుకుంటానండి.

సముద్రపుగాలి

జరిమానా కూడా మనమేనా? సరుకు ధర మీద వేసేసుకోండి, ఇదేం పద్ధతి.

మేడమీద_తోట

ముందు డబ్బు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. ఫోన్ ఎత్తుతాను, అవసరమైతే మావారు జంక్షన్ దాకా నడిచి వస్తారు. జరిమానా మాత్రం, తప్పు లేనిదానికి అసలు ఎందుకు కట్టాలి అన్నదే నా ప్రశ్న. సరే, మా ఇంటి వాటా వరకు ఇస్తాను, మిగతావాళ్ళని అడిగి రేపు చెప్తాను. దాంతోపాటు కలెక్టర్ గారికి ఒక అర్జీ పెడదాం, విత్తనాలు, ఎరువులు, మొక్కల కొనుగోలుకి పొద్దున పూట ఇంటికి ఒకరిని వెళ్ళనివ్వాలని. రాత్రికి రాసి ఇక్కడే పెడతాను, అందరూ సంతకం చెయ్యండి. కుర్రోడు గారూ, మీరు కూడా.

కంచరపాలెం_కుర్రోడు

సరుకు బండి నడిపేవాళ్ళకి పాస్ ఇవ్వాలని, పట్టుకున్న బండ్లు వదలాలని మొదటి వాక్యంలో రాయండి. మీ మేడల సంగతి దాని కింద రాసుకోండి. అలా ఉంటే పెడతాను, లేకపోతే పెట్టను.