చుట్టాల బాత్రూమ్‌లో దుర్వాసన, జాలీలో గుడగుడ: టైల్స్ పగలగొట్టించాలా?

ప్రశ్న: ఎం.ఆర్.పల్లి నివాసి

తిరుపతిలో మాది కింద ఒకటి, పైన రెండు అంతస్తులున్న ఇల్లు. మధ్య అంతస్తులో మేముంటున్నాము, పై అంతస్తు అద్దెకిచ్చాము. దర్శనానికి వచ్చే బంధువుల కోసం ఒక గదిని, దాని బాత్రూమ్‌ను విడిగా ఉంచాము. బ్రహ్మోత్సవాలప్పుడు అక్కడ వరుస కట్టి స్నానాలు చేస్తారు. ఆ తరువాత నెలల తరబడి తలుపు తీసే పనే ఉండదు. ఈ వేసవి నుంచి ఆ గదిలో మురుగు వాసన భరించలేకున్నాము. ఫినాయిల్‌తో కడిగిస్తే మరునాటికి మళ్లీ మామూలే. దీనికి తోడు, పై ఇంటివారు ఫ్లష్ చేసిన ప్రతిసారీ మా నేల జాలీలోంచి గుడగుడమని శబ్దం వస్తున్నది. చూడటానికి వచ్చిన ప్లంబర్ పైపు మూసుకుపోయిందని, టైల్స్ పగలగొట్టక తప్పదని చెప్పారు. కానీ బకెట్ నీళ్లు గుమ్మరిస్తే క్షణంలో పోతున్నాయి. మూసుకుపోయిన పైపులో నీళ్లు అంత వేగంగా ఎలా పోతాయన్నది నా సందేహం.

జవాబు 1: కొర్లగుంట పాతకాపు

మీ సందేహం సరైనదే, టైల్స్ జోలికి వెళ్లకండి. జాలీ ఎత్తి టార్చి వేసి చూడండి. లోపల నీరు అద్దంలా మెరవాలి. మెరుపు లేక పొడిగా, అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుని కనిపిస్తే వాసన ఎటు నుంచి వస్తున్నదో తెలిసినట్లే. జాలీ కింద ఉండే నానీ ట్రాప్ అనే గిన్నెలాంటి భాగంలో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండేలా వంపు పెడతారు. మురుగు పైపులోని గాలికీ మన గదికీ మధ్య తలుపు ఆ నీరే, వేరే మూత ఏదీ లేదు. దాన్ని వాటర్ సీల్ అంటారు. సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. మన ఎండలకు, వాడకం లేని బాత్రూమ్‌లో అది కొన్ని వారాల్లోనే ఆవిరైపోతుంది. వారానికి ఒక చెంబు నీళ్లు పోయండి. ఊరికి వెళ్లేటప్పుడు పైన కాస్త వంటనూనె వేస్తే నీరు త్వరగా ఆరదు. అనుమానం తీరకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి జాలీ దగ్గర ఊదుబత్తి పట్టుకోండి, పొగ పైకి ఎగసిపడితే గాలి అందులోంచే వస్తున్నట్లు.

జవాబు 2: విశ్రాంత సివిల్ ఇంజనీరు

పై మిత్రులు చెప్పినది చాలావరకు నిజం. అయితే ఊదుబత్తి వద్దు. మురుగు గాలిలో మీథేన్ ఉంటుంది కాబట్టి పలుచని కాగితం ముక్కను జాలీపై ఉంచి చూడటం మేలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి మాత్రం తేలికగా తీసుకోదగినది కాదు. 2003లో సార్స్ ప్రబలినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ భవనాల్లో వ్యాధి వ్యాపించడానికి బాత్రూమ్ నేల ట్రాపులు ఎండిపోవడం, ఫ్యాన్లు ఆ గాలిని ఇళ్లలోకి లాగడం కూడా కారణమయ్యాయని దర్యాప్తులో తేల్చారు.

ఇక ఆ గుడగుడ సంగతికి వస్తే, ఆవిరి కావడంతో దానికి సంబంధం లేదు. నిలువు పైపులో నీరు నిండుగా పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పైపు గోడను పట్టుకుని పొరలా జారుతుంది, మధ్యలో గాలి ఉంటుంది, జారే నీరు ఆ గాలిని తనతో పాటు కిందికి ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయిన గాలికి బదులు పైనుంచి కొత్త గాలి రావాలి కనుకనే ఆ పైపును మిద్దె దాటించి పైన తెరిచి ఉంచుతారు. ఆ దారి మూసుకుపోతే పైపు దగ్గరలో దొరికే గాలిని, అంటే మీ గదిలోని గాలిని, మీ ట్రాప్ నీటిలోంచి లాగుతుంది. మీరు వింటున్న శబ్దం అదే. ప్రతి ఫ్లష్‌కూ కాస్త నీరు అటు పోతుంది. స్లాబ్‌ను తగినంత దించకుండా కట్టిన బాత్రూముల్లో లోతు తక్కువ ట్రాపులు బిగించడం మన దగ్గర పెద్ద దురలవాటు. వాటిలో సీల్ నాలుగైదు ఫ్లష్‌లకే ఖాళీ కావచ్చు. వంపు మీదుగా పొడవాటి వెంట్రుక వేలాడుతున్నా, వత్తి నూనెను పీల్చినట్లు నీటిని అవతలికి చేరవేస్తుంది. దయచేసి మిద్దె ఎక్కి ఆ గాలి పైపు చూసి రండి.

ప్రశ్నించినవారు:

నమస్కారమండి. ట్రాప్ మీరిద్దరూ చెప్పినట్లే పొడిగా ఉన్నది. మిద్దెపైకి వెళ్లి చూస్తే, గత ఏడాది నీళ్ల ట్యాంకుకు దిమ్మె కట్టినప్పుడు మేస్త్రీ అడ్డంగా ఉన్నదని 4 అంగుళాల పైపును దిమ్మె మట్టానికి కోసి మూత బిగించేసినట్లున్నాడు. ఆ మూత తీయించి పైవారిని ఫ్లష్ చేయమన్నాను, కింద చప్పుడు లేదు. అలాగే తెరిచి వదిలేయవచ్చా? లోపలికి మాత్రమే గాలిని వదిలే వాల్వ్ బిగిస్తే వాసన రాదని దుకాణంలో చెబుతున్నారు.

జవాబు 2 (మళ్లీ):

వదిలేయవద్దు, ట్యాంకు పక్కనే మురుగు గాలి బయటికి రావడం మంచిది కాదు. రెండు వంపులతో పైపును పక్కకు తిప్పి, ట్యాంకు మూత కంటే, దగ్గరలోని కిటికీల కంటే ఎత్తుకు లేపి, పైన జల్లెడ ఉన్న కౌల్, అంటే పైపు కొనకు తొడిగే టోపీ, పెట్టించండి. జల్లెడ లేకుంటే పావురాలు గూడు కట్టి మళ్లీ మొదటికే వస్తుంది. ఆ వాల్వ్ గాలిని లోపలికి తీసుకుంటుందే గాని బయటికి వదలదు. నీరు కిందికి దిగి అడ్డ పైపులోకి మలుపు తిరిగే చోట గాలి ఒత్తుకుని ఎదురు తంతుంది, ఆ ఒత్తిడికి కింది అంతస్తు జాలీల్లో బుడగలు లేస్తాయి. ఒక్క వాల్వ్‌నే నమ్ముకుంటే ఆ బాధ తీరదు. మీ కింది అంతస్తు బాత్రూమ్ పైపు నిలువు పైపులో కాక నేరుగా బయటి ఛాంబర్‌లో కలుస్తున్నదేమో కూడా చూసుకోండి. అలా ఉంటే కింది వారికి ఈ బెడద ఉండదు.

జవాబు 1 (మళ్లీ):

ఊదుబత్తి విషయంలో పొరపాటు నాదే. మిద్దె పని పూర్తయ్యాక కూడా ఆ చెంబు నీళ్లు మానకండి. గాలి పైపు ఎంత బాగున్నా ఎండ తన పని తాను చేస్తూనే ఉంటుంది.