గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు: ఏళ్ల తరబడి బిళ్లలు మింగినా తగ్గనివాళ్లు రాయండి

లంకలో_శ్రీదేవి

అమ్మకి అరవై దాటాయండి. మాది అమలాపురం దగ్గర. తిన్నది గొంతులోకి తన్నుకొస్తోందంటే గ్యాస్ అన్నారు. అప్పట్నుంచీ పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుంటూనే ఉంది. కారం మానేసింది, ఆవకాయ ముట్టదు, మొన్న సంక్రాంతికి అరిసె కూడా నోట పెట్టలేదు. అయినా తగ్గలేదు. ఈమధ్య ముద్ద దిగాలంటే వెనకాలే గ్లాసుడు నీళ్లు తాగాల్సొస్తోంది. రాత్రి పడుకుంటే దిండు మీద మెతుకులు, పొలమారి లేచి కూర్చుంటుంది. బాగా చిక్కిపోయింది. ఎండోస్కోపీ చేసి పెద్దగా ఏమీ లేదని మోతాదు పెంచారు. మీలో ఎవరింట్లోనైనా ఇలా అయిందా? తర్వాత ఏం చేశారు?

చెరువుగట్టు

అమ్మగారి సంగతి విని బాధేసిందండి. నాది వేరే రకం, అయినా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే పంట పోతుంది కాబట్టి రాత్రి కాపలా తప్పదు. పదకొండు దాటాక అన్నం, కోడికూర, ఆ వెంటనే నడుం వాల్చడం. ఛాతీ మధ్యలో నిప్పు పోసినట్టుండేది. డాక్టరుగారు మందు మార్చలేదు. అదే బిళ్ల తిండికి అరగంట ముందు వేసుకోమన్నారు, తిండికీ పడకకీ మధ్య మూడు గంటలుండాలన్నారు. ఇప్పుడు సాయంత్రం ఏడింటికే ఇంటి నుంచి క్యారేజీ వచ్చేస్తుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాను. రెండు దిండ్లు వేసుకుంటే పొట్ట మడతపడి ఇంకా ఎగదన్నేది, ఇటుకలే నయం. ఒళ్లు కూడా కొంచెం తగ్గాను. మంట చాలావరకు పోయింది.

కానీ నాకెప్పుడూ ముద్ద దిగడంలో ఇబ్బంది లేదండి. అమ్మగారిది ఇది కాదనిపిస్తోంది.

పీజీ_కాకినాడ

శ్రీదేవిగారూ, గ్యాస్ట్రో విభాగంలో చదువుతున్నాను. అమ్మగారిని చూడకుండా జబ్బు పేరు చెప్పలేను కానీ, ముద్ద దిగకపోవడం, చిక్కిపోవడం రెండూ కనిపించినప్పుడు బిళ్ల మోతాదు పెంచి ఊరుకోకూడదు. ముందు కేన్సర్ లేదని తేల్చుకోవాలి. ఎండోస్కోపీ అందుకే. అందులో ఏమీ కనిపించకపోతే బేరియం మింగించి ఎక్స్‌రే, ఆ తర్వాత మానోమెట్రీ చేయాలి. మానోమెట్రీ అంటే ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, అన్నవాహిక కండరాలు ఎలా పనిచేస్తున్నాయో కొలిచే పరీక్ష.

ఎందుకో చెప్తాను. అన్నవాహిక కింద, కడుపు మొదట్లో ఒక కండరపు బిగింపు ఉంటుంది. ధవళేశ్వరం కాలువల మీద లాకులకి పడవ వచ్చినప్పుడే తలుపు తీసినట్టు, అది కూడా మింగినప్పుడే తెరుచుకోవాలి. చెరువుగట్టుగారిలాంటి వాళ్లకి మింగనప్పుడు కూడా సడలిపోయి, కడుపులో ఆసిడ్ పైకి వస్తుంది. ఆ బిగింపు బలహీనంగా ఉండటమే కారణమని వైద్యులు చాలాకాలం నమ్మారు. బాగానే ఉన్న బిగింపు కూడా మధ్యమధ్య కాసేపు తనంతట తాను సడలుతుందని, ఎక్కువ ఆసిడ్ అప్పుడే పైకొస్తుందని డెంట్, డాడ్స్ అనే పరిశోధకుల బృందాలు 1980ల్లో కొలిచి చూపించాయి. పొట్ట నిండా తిన్నప్పుడు ఈ సడలింపులు పెరుగుతాయి.

ఇంకో జబ్బు దీనికి పూర్తిగా ఎదురు. దాని పేరు అకలేసియా. బిగింపుని సడలించే నరాల కణాలు నశించిపోతాయి, మింగినా అది తెరుచుకోదు. అన్నం పైనే నిలిచి పులుస్తుంది. పుల్లగా పైకొస్తోంది కాబట్టి అందరూ ఆసిడ్ అనుకుంటారు. అది కడుపులోంచి వచ్చింది కాదు, అసలు కడుపులోకి వెళ్లనే లేదు. అలాంటప్పుడు ఆసిడ్ తగ్గించే బిళ్ల ఏం చేస్తుంది? ఈ జబ్బు అరుదైనదే, ఏడాదికి సుమారు లక్షమందిలో ఒకరికి కొత్తగా వస్తుంది. మొదటి దశలో ఎండోస్కోపీ మామూలుగా కనిపించవచ్చు కూడా. అందుకే చాలామంది ఏళ్ల తరబడి గ్యాస్ మందుల మీదే ఉండిపోతారు.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. మందు వాడినా మంట తగ్గలేదని వచ్చిన 366 మందిని తీసుకున్నారు. అందులో 42 మందికి పాంటాప్రజోల్ లాంటిదే అయిన ఒమెప్రజోల్‌ని రోజూ రెండుపూటలా పద్ధతిగా వేయిస్తే రెండు వారాల్లో తగ్గిపోయింది. 99 మందికి మంట ఉంది కానీ పరీక్షల్లో అందుకు ఆసిడ్ కారణం కాదని తేలింది. 23 మందికి అన్నవాహికకే వేరే జబ్బులున్నాయి. కొందరు మధ్యలో మానేశారు, కొందరు ఇతర కారణాలతో తప్పుకున్నారు. మందుకి లొంగని అసలైన రిఫ్లక్స్, అంటే కడుపులో ఆసిడ్ పైకి తన్నే జబ్బే అని తేలి చివరికి మిగిలింది 78 మంది. వాళ్లలో ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో 67 శాతం మందికి గుణం కనిపిస్తే, మందులు పెంచిన వాళ్లలో 28 శాతం మందికే కనిపించింది. మంట తగ్గడం లేదంటే బిళ్ల మార్చేముందు పరీక్ష చేయాలని నేను అంత గట్టిగా అనేది ఇందుకే.

రాజోలు_మాస్టారు

ఒక్క మాట. ఛాతీలో మంట అన్న ప్రతిదీ గ్యాస్ కాదు. మా బావగారు తెల్లవారుజామున ఛాతీ బరువు, చెమటలు అంటే ఇంట్లో సోడా ఇచ్చి, వాము నమిలించారు. తెల్లారాక ఈసీజీ తీస్తే గుండెపోటు. దేవుడి దయవల్ల బతికారు. చెమట పట్టినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, నడిస్తే ఎక్కువైనా ముందు ఈసీజీ తీయించండి. గ్యాస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పీజీ_కాకినాడ

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. షుగర్ ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి నొప్పి అంత స్పష్టంగా ఉండకపోవచ్చు కూడా. ఆయాసం, వికారం మాత్రమే ఉన్నా ఆలస్యం చేయకండి.

వరిచేలు_రామచంద్రపురం

మా పాలేరుకి ఊడ్పుల తర్వాత జ్వరమొస్తే ఎలుకల జ్వరమని డాక్సీసైక్లిన్ ఇచ్చారు. గుక్కెడు నీళ్లతో మింగి అప్పుడే పడుకున్నాడు. మర్నాటికి మంచినీళ్లు మింగినా ఏడుపే. ఎండోస్కోపీలో అన్నవాహిక మధ్యలో పుండు. ఆ బిళ్ల అక్కడే అతుక్కుని కాల్చిందట. మందు ఆపితే కొద్ది రోజుల్లో మానింది. డాక్సీసైక్లిన్, నొప్పి బిళ్లలు, ఎముకలకి వాడే అలెండ్రోనేట్ ఇలాంటివి నిండు గ్లాసు నీళ్లతో నిటారుగా కూర్చుని వేసుకోవాలని, అరగంట పడుకోకూడదని అప్పుడు తెలిసింది. డెల్టాలో వానాకాలమంతా ఈ మందు వాడతారు, ఈ జాగ్రత్త చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

తణుకు_పద్మ

శ్రీదేవిగారూ, మా తమ్ముడికి అచ్చం ఇలాగేనండి. దిండు మీద మెతుకులు అనగానే గుండె ఝల్లుమంది. రాత్రిళ్లు దగ్గుతుంటే టీబీ ఏమోనని కఫం పరీక్షలు కూడా చేశారు. చివరికి బేరియం ఎక్స్‌రేలో అన్నవాహిక పైన వెడల్పుగా ఉండి, కింద పక్షి ముక్కులా సన్నబడింది. మానోమెట్రీలో అకలేసియా అని ఖాయమైంది. గొట్టం ముక్కులోంచి వెళ్లేటప్పుడు కళ్లమ్మట నీళ్లొస్తాయి కానీ ఓర్చుకోగలిగిందే, ఎక్కువసేపు పట్టదు.

హైదరాబాద్‌లో పోయెమ్ చేశారు. బయట కోత లేదు. నోట్లోంచి ఎండోస్కోప్ పంపి లోపల సొరంగంలా చేసుకుంటూ వెళ్లి, బిగుసుకున్న కండరాన్ని కోస్తారు. జపాన్‌లో ఇనోవే అనే సర్జన్ 2008లో మొదలుపెట్టిన పద్ధతి. అంతకుముందు అదే కండరాన్ని బయటి నుంచి కోసే ఆపరేషన్ ఉండేది, 1913లో హెల్లర్ అనే సర్జన్ చూపించింది, ఇప్పుడది లాప్రోస్కోపీలో, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి చేస్తున్నారు. తమ్ముడు ఇప్పుడు చేపల పులుసు కలుపుకుని కడుపునిండా తింటున్నాడండి. ఆ మొదటి ముద్ద దిగినప్పుడు మా అమ్మ ఏడ్చేసింది.

చెరువుగట్టు

ఆ బిగింపు కోసేస్తే ఆసిడ్ పైకి రాదా మరి?

పీజీ_కాకినాడ

వస్తుందండి, అది ముందే చెప్పి చేయాలి. 2019లోనే వచ్చిన ఇంకో పరిశోధనలో 221 మందిని రెండు గుంపులు చేసి పోల్చారు. రెండేళ్ల తర్వాత పోయెమ్‌తో 83 శాతం, హెల్లర్ ఆపరేషన్‌తో 82 శాతం బాగున్నారు, అంటే దాదాపు సమానం. కానీ ఎండోస్కోపీలో ఆసిడ్ పుండ్లు పోయెమ్ వాళ్లలో 44 శాతానికి, హెల్లర్ వాళ్లలో 29 శాతానికి కనిపించాయి. హెల్లర్‌లో కడుపు పైభాగాన్ని కొంత చుట్టి కుడతారు కాబట్టి ఆ తేడా. అందువల్ల పోయెమ్ తర్వాత చాలామందికి మళ్లీ పాంటాప్రజోల్ అవసరమవుతుంది. ఈసారి మాత్రం అది సరైన జబ్బుకి సరైన మందు.

మీకింకో సంగతి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే అన్నవాహికలోంచి ఆసిడ్ త్వరగా దిగిపోతుందని ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు 2022లో చూపించారు. ఇటుకలతో పాటు అదీ చేసి చూడండి.

కొబ్బరితోట_ముమ్మిడివరం

ఇవన్నీ చదివి నేను ఐదేళ్ల బట్టీ వాడుతున్న బిళ్ల ఆపేద్దామనుకుంటున్నానండి. కిడ్నీలు పోతాయని వాట్సాప్‌లో చూశాను. కొబ్బరినీళ్లతో సరిపెట్టుకుంటే?

పీజీ_కాకినాడ

ఒక్కసారిగా ఆపకండి. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని వాళ్లకి ఎనిమిది వారాలు ఇదే రకం బిళ్ల ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపితే, 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పులు వచ్చాయి. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్న వాళ్లలో 15 శాతమే. ఆపగానే కడుపు ఎక్కువ ఆసిడ్ ఊరుస్తుంది. అది చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడి మళ్లీ మొదలుపెడతారు. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవచ్చు.

కిడ్నీల మాట కూడా. 17 వేలకి పైగా మందికి సుమారు మూడేళ్లు పాంటాప్రజోల్ గానీ ఉత్తుత్తి బిళ్ల గానీ ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన ఉంది. పేగు ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరిగాయి తప్ప కిడ్నీ జబ్బులో తేడా తేలలేదు. అలాగని అవసరం లేకుండా ఐదేళ్లు వాడమనను. ఎందుకు మొదలుపెట్టారో ఆ కాగితం తీసి చూపించండి. ఎండోస్కోపీలో పెద్ద పుండ్లో, బారెట్స్ మార్పులో (ఆసిడ్ వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉన్నవాళ్లు మానకూడదు. కొబ్బరినీళ్లు హాయిగా తాగండి, కిడ్నీ జబ్బు లేకపోతే ఇబ్బంది లేదు, కానీ అవి ఈ బిళ్లకి బదులు కావు.

లంకలో_శ్రీదేవి

అందరికీ దండాలండి. బేరియం ఎక్స్‌రే అయింది. పద్మగారు రాసినట్టే కింద సన్నబడి ఉంది. మానోమెట్రీకి హైదరాబాద్ తీసుకెళ్తున్నాం, మళ్లీ ఎండోస్కోపీ కూడా చేస్తారట. ఈలోగా ఏం పెట్టను? రాత్రి పూట భయంగా ఉంటోంది.

పీజీ_కాకినాడ

మెత్తగా ఉడికించి కొంచెం కొంచెంగా పెట్టండి. ఆఖరి తిండి పొద్దుగూకే లోపు అయిపోవాలి, పక్క తలవైపు బాగా ఎత్తుండాలి. ఎండోస్కోపీకి ఒకటి రెండు రోజుల ముందు నుంచి జావ, పలచటి మజ్జిగ లాంటివే ఇమ్మంటారు, ఎప్పట్నుంచో ఫోన్ చేసి కనుక్కోండి. మామూలు వాళ్లకి చెప్పే పరగడుపు గంటలు అమ్మగారికి చాలవు, లోపల పాత అన్నం ఉండిపోవచ్చు. మత్తు డాక్టరుకి రాత్రిళ్లు పొలమారుతోందని మీరే ముందుగా చెప్పండి. పాత ఎండోస్కోపీ కాగితాలు, బేరియం ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. జ్వరంతో దగ్గు మొదలైతే మాత్రం తేదీ కోసం ఆగొద్దు, వెంటనే చూపించండి.

తణుకు_పద్మ

ప్రయాణానికి కూర్చునే సీటు చేయించండి శ్రీదేవిగారూ, పడుకునే బెర్త్ వద్దు. నా నంబరు మెసేజ్‌లో పంపాను.