‘లక్ పెన్నీ’ని తెలుగులో ఏమందాం?

ఐర్లండ్ పశువుల సంతల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయానండీ. గాల్వే కౌంటీ బాలినస్లోలో ఏటా అక్టోబరులో పెద్ద గుర్రాల సంత జరుగుతుంది. అక్కడి పాత సంతల ఆచారం ఏంటంటే, బేరం తెగి డబ్బు చేతికొచ్చాక అమ్మినవాడు అందులోంచి కొంత తీసి కొన్నవాడికి తిరిగి ఇస్తాడు. అదే లక్ పెన్నీ. పేరుకే పెన్నీ, జీవాన్ని బట్టి మొత్తం మారుతుంది. బయానా అందామంటే అది కొనేవాడు ముందుగా ఇచ్చేది, ఇదేమో పూర్తిగా తిరగేసిన వ్యవహారం.

— కొసరు అంటే సరిపోతుంది కదా? అమ్మేవాడి చేతినుంచే వస్తుంది, బేరం అయ్యాకే వస్తుంది.

— దగ్గరే గానీ సరిపోదండీ. కొసరు సరుకులో వేస్తారు, అదీ మనం అడిగితేనే. ఇక్కడ డబ్బే వెనక్కి వెళ్తోంది, కొన్న జీవం కొత్త ఇంట్లో బాగుండాలని. మన పల్లెల్లో ‘ఈ గేదె మాకు అచ్చొచ్చింది’ అంటారు చూడండి, ఆ భావం ఇందులో ఉంది. నేనైతే ‘అచ్చుబాటు కాసు’ అని రాస్తాను.

— కాసు బాగుంది! అదే సంతల్లో ‘టాంగ్లర్’ అని ఇంకొకడు ఉండేవాడు, వాణ్ని మాత్రం దళారి అని తేల్చేయకండి. బేరం పదో ఇరవయ్యో పౌండ్ల తేడా దగ్గర బిగుసుకుపోయి ఒకడు విసురుగా వెళ్లిపోతుంటే, వాడి చెయ్యి పట్టి లాక్కొచ్చి, తేడాని చెరి సగం చేసుకోండని ఇద్దరి అరచేతులూ బలవంతాన కలిపేసేవాడు. అరచేతిలో ఉమ్మేసుకుని చెయ్యి కలిపితే ఇక మాట తిరగదు. కాగితం లేదు, సంతకం లేదు, చుట్టూ మూగినవాళ్లే సాక్షులు. మన సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా సాగే బేరానికి ఇది పూర్తిగా ఎదురు. ‘బేరం కలిపేవాడు’ అంటే చాలు, కొత్త మాట పుట్టించక్కర్లేదు.

— 1950ల నుంచి సహకార మార్ట్‌లు, అంటే పశువుల్ని వేలం వేసే కేంద్రాలు, వచ్చాక వీధి సంతలు చాలావరకు పోయాయి, టాంగ్లర్‌కి పని చాలావరకు లేకుండా పోయింది. లక్ పెన్నీ మాత్రం మార్ట్‌లోకీ వెళ్లింది. విచిత్రం కాదూ?

— విచిత్రం ఏముందండీ, డబ్బు తిరిగొస్తుంటే ఎవరు వద్దంటారు! పైగా ఎంతిస్తావో ముందే చెప్పు అని అమ్మేవాణ్ని నిలదీసేవాళ్లూ ఉన్నారు. అప్పుడది శుభం కోరి ఇచ్చేది కాదు, బేరంలో ఇంకో మెట్టు. అలాంటి చోట కొసరు అనే రాయండి, అచ్చుబాటు కాసు మొదటిదానికి ఉంచండి.