ఇసుక పెరడును తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవడం ఎలా?

మాది చీరాల దగ్గర, సముద్రానికి 2 కిలోమీటర్ల దూరంలోని ఊరు. ఇంటి వెనుక 2 సెంట్ల పెరడు ఉంది, అంతా ఇసుకే. బిందెడు నీళ్లు పోస్తే చూస్తుండగానే ఇంకిపోతాయి. సాయంత్రం వేలు గుచ్చి చూస్తే లోపల పొడిపొడిగా ఉంటుంది. బెండ మొక్కలు జానెడు ఎత్తులోనే పసుపు రంగుకు తిరిగి ఆగిపోయాయి. పీకితే వేళ్లకు చిటికెడు మట్టి కూడా అంటుకుని రాలేదు. ప్రాణం ఉసూరుమంది.

పోయిన ఏడాది పశువుల ఎరువు 3 బస్తాలు వేశాను. రెండు నెలలు బాగానే ఉంది, వానలు పడగానే మళ్లీ మొదటికి వచ్చింది.

ఈసారి చేతిలో ఉన్నది 3,000 రూపాయలు. ఒక ట్రాక్టరు చెరువు మట్టి తోలించాలా, లేక ముందు పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి, పూతకు రాగానే మొక్కలను నేలలో కలిపేయాలా? జనుముకు ఖర్చు తక్కువే, కానీ నెలన్నర ఆగాలి. చెరువు మట్టి అయితే ఎంత మందాన పరచాలి? దానితో పాటు తుంగ కలుపు వస్తుందేమోనని భయం. కొబ్బరి పొట్టు, వేరుశనగ పొట్టు ఇక్కడ చవక. అలాగే వేయవచ్చా, కుళ్లబెట్టాలా? వేరుశనగ పొట్టుకు చెదలు పడతాయని మా అత్తగారు అంటున్నారు.

ఇలాంటి నేలలో కూరగాయలు పండించినవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.